అచ్చువేసిన ఏరియళ్లు

నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు, బాల్కొండ, వేల్పూరు, కమ్మర్‌పల్లి ప్రాంతములు పసుపు పంటకు పేరుపొందినవి. తొలకరిలో నాటిన పసుపు సంక్రాంతి నాటినుండి త్రవ్వకమునకు వచ్చును. దుంపలను ఉడుకబెట్టి, కళ్లములో ఎండబెట్టి, డ్రమ్ములలో త్రిప్పి మెరుగుపెట్టి, కొమ్మును గోళను వేరుచేసి, రైతు వానిని నిజామాబాదు మార్కెటు యార్డునకు చేర్చును. అచ్చట ధర తేల్చుటకు నేడు నోటిమాట యొక్కటే సాధనము కాదు. 2016వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన ప్రారంభమైన ఈ-నామ్ అను జాతీయ వ్యవసాయ విపణిలో చేరిన తొలి మార్కెట్లలో నిజామాబాదు ఒకటి. ఆ పద్ధతిలో ప్రతి రాశికి ఒక లాటు సంఖ్య యుండును. ఖరీదుదారులు రాశిని చూచి, తాము ఇవ్వదలచిన ధరను సెల్‌ఫోనులోనో కంప్యూటరులోనో నమోదు చేయుదురు. గడువు ముగియగానే అందరికంటె హెచ్చు ధర చెప్పినవాడెవడో తేలును.

చూచుటకు ఇది చిన్న పనియే. కాని చేతిలోని ఫోనునుండి బయలుదేరిన ధరకు కొంతదూరము తీగ యొక్క ఆధారము లేదు. ఆ దూరమును అది నిస్తంత్రి తరంగమై దాటవలయును. పదుగురు ఖరీదుదారులలో ఒకని ధర గడువులోపల చేరలేదనుకొందము. హెచ్చు ధర చెప్పినవాడు అతడే యైనచో నష్టము రాశి ప్రక్కన కూర్చున్న రైతునకే. క్వింటాలునకు వంద రూపాయల భేదమైనను ముప్పది క్వింటాళ్లకు మూడు వేల రూపాయలగును. ఈ ప్రాంతమునుండి గల్ఫు దేశములకు పనికి పోయిన కుమారుని మాట తల్లి చెవికి చేరవలెనన్నను, చివరి మజిలీ ఈ తరంగమే.

ఆ తరంగమును పంపునదియు పట్టునదియు యాంటెన్నా. దానినే మన పెద్దలు ఏరియలు అనిరి. ఏరియలనగా ఇంటిపై కట్టిన పొడుగాటి తీగయో, అల్యూమినియము కడ్డీల వరుసయో మనకు జ్ఞాపకము వచ్చును. నేడు మన చేతిలోని ఫోనులోను, గోడకు తగిలించు వైఫై పెట్టెలోను, స్తంభములపైని అనేక సాధనములలోను ఉండునవి పలుచని పలకపై అచ్చువేసిన రాగి బొమ్మలు. అట్టి బొమ్మ యొక్కటే అనేక పౌనఃపున్యములకు పనిచేయునట్లును, శక్తిని కోరిన దిక్కునకే పంపునట్లును రూపొందించుట యెట్లో వివరించుటయే ఈ ప్రసంగోద్దేశము.

మొదట యాంటెన్నా చేయు పనిని చూతము. తీగలో విద్యుత్తు నిలకడగా ఒకే దిక్కున ప్రవహించునంతకాలము దాని ప్రభావము తీగ చుట్టునే నిలిచియుండును. ఆ విద్యుత్తు సెకనునకు కోట్ల పర్యాయములు ముందునకు వెనుకకు ఊగినచో, దాని శక్తిలో కొంత తీగను విడిచి తరంగరూపమున వ్యాపించును. జర్మనీ దేశీయుడగు హైన్రిఖ్ హెర్ట్జ్ 1887, 1888 సంవత్సరములలో ఈ తరంగములను ప్రయోగములచే నిరూపించెను. ఇవి కాంతివలెనే సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. సెకనులో కలుగు ఊపుల సంఖ్యకు పౌనఃపున్యమనియు, ఒక ఊపు పూర్తియగులోపల తరంగము నడచు దూరమునకు తరంగదైర్ఘ్యమనియు పేర్లు. మొదటిది హెచ్చినకొలది రెండవది తగ్గును. పది లక్షల ఊపులు ఒక మెగాహెర్ట్జ్. ఎఫ్.ఎం. రేడియో 100 మెగాహెర్ట్జ్‌లో పలికినచో తరంగదైర్ఘ్యము 3 మీటర్లు. 700 మెగాహెర్ట్జ్‌లో పనిచేయు సెల్‌ఫోను తరంగము సుమారు 43 సెంటీమీటర్లు. 3,500 మెగాహెర్ట్జ్‌లోనిది 8.6 సెంటీమీటర్లు మాత్రమే.

తరంగదైర్ఘ్యములో ఇంచుమించు సగము పొడవు గల రాగి కడ్డీని తీసికొని, నడుమ త్రెంచి, ఆ చోట విద్యుత్తు నిచ్చినచో అది చక్కగా తరంగములను వెలువరించును. తంబుర తీగ తన శ్రుతిలో మీటినపుడు మ్రోగునట్లే ఇదియు తన పౌనఃపున్యమున మ్రోగును. దీనికే అనునాదమని పేరు. తీగ పొడవో బిగువో మారక శ్రుతి మారదు గదా! ఒకే పొడవు గల కడ్డీకి ఒకే శ్రుతి. ఆ శ్రుతికి ఇటునటు కొంతమేర మాత్రమే అది పలుకును. ఆ మేరకు బ్యాండు వెడల్పని పేరు. మేర దాటిన పౌనఃపున్యముతో విద్యుత్తు నిచ్చినచో శక్తి తరంగముగా పోక, వచ్చిన దారినే వెనుకకు మరలును.

ఒక్క శ్రుతి చాలునన్న కాలము గడచిపోయినది. మన దేశమున సెల్‌ఫోను సంస్థలకు ప్రభుత్వము కేటాయించిన పౌనఃపున్యములు 700, 800, 900, 1,800, 2,100, 2,300, 2,500 మెగాహెర్ట్జ్ ప్రాంతములలో వేర్వేరుగా చెదరియున్నవి. 2022వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మొదలైన 5జీ సేవకై 3,300 మొదలు 3,670 వరకు గల మేరయు వీనికి తోడైనది. దిగువ పౌనఃపున్యములు దూరము పోవును, అడ్డుల ప్రక్కనుండి కొంత వంగియు పోగలవు. ఎగువవానికి ఆ శక్తి తక్కువ. కాని అచ్చట ఖాళీస్థలము విశాలమగుటచే ఒక్కమారుగా ఎక్కువ సమాచారమును మోయగలవు. ఆర్మూరు సిద్ధులగుట్టవంటి రాతిగుట్ట వెనుక నున్న ఇంటికి 700 మెగాహెర్ట్జ్ తరంగము అక్కరకు వచ్చును. వందలమంది ఒకే గడియలో ధరలు నమోదుచేయు యార్డునకు 3,500 మెగాహెర్ట్జ్ అక్కరకు వచ్చును. ఒక్కొక్క మేరకు ఒక్కొక్క యాంటెన్నా కట్టినచో స్తంభము మోయలేదు, ఖర్చు భరింపరాదు. అందువలన అన్నింటికిని పలుకు ఒకే యాంటెన్నా కావలసివచ్చినది.

మరియొక కారణము కలదు. మార్కెటు షెడ్లపై ఇనుపరేకులుండును. తరంగము వానిపై పడి పరావర్తనము చెందును. నేరుగా వచ్చిన తరంగమును, రేకును తాకి చుట్టుదారిని వచ్చిన తరంగమును ఫోనును ఒకేసారి చేరును. ఆ రెండు దారుల భేదముచే కొన్నియెడల ఒకటి లేచువేళ రెండవది పడును. రెండును ఒకదాని నొకటి చెరపుకొనును. ఇట్లు చెరపుట ఒకానొక పౌనఃపున్యముననే జరుగును. సందేశము ఇరుకు మేరలో నున్నచో మొత్తము పోవును; విశాలమైన మేరలో పరచియున్నచో కొంత పోయినను తక్కినది నిలుచును.

ఇక దిశ మాట. ఆరుబయట వ్రేలాడదీసిన దీపము నలుదిక్కులను వెలుగు చిమ్మును. దాని వెనుక అద్దము నుంచినచో వెనుకకు పోవు వెలుగు ముందునకు మరలును. దీపమునకు క్రొత్తగా నూనె పోయలేదు, వెలుగు పెరుగలేదు, వృథాగా పోవునది అక్కరగల చోటికి మరలినది. దిశాత్మక యాంటెన్నా చేయునదియు ఇంతే. అన్ని దిక్కులకును సమముగా పంచు ఊహా యాంటెన్నాతో పోల్చి, ముఖ్యదిశలో శక్తి ఎన్ని రెట్లైనదో చెప్పు సంఖ్యకు గెయిన్ అని పేరు. అడ్డులేని చోట దూరము రెట్టింపైనచో అందు శక్తి నాలుగవ వంతగును. కావున నాలుగురెట్ల గెయిన్ గల యాంటెన్నా అంతే విద్యుత్తుతో రెట్టింపు దూరము పలుకును. అంతకు మించిన లాభము వేరొకటి కలదు. అది ప్రక్కవాని మాటను వినదు. ప్రక్కవానికి తన మాటచే అడ్డు తగులదు. షెడ్ల రేకులపై పడి వచ్చు ప్రతిధ్వనులు కూడ తగ్గును.

దిశను సాధించు ఉపాయములలో మనకు పరిచితమైనది జపానుదేశపు షింటారో ఉడా, హిడెట్సుగు యాగీ అనువారు 1926లో ప్రకటించినది. ఒక కడ్డీకి విద్యుత్తు నిచ్చి, వెనుక కొంచెము పొడవైన దానిని, ముందు కొంచెము పొట్టివానిని నిలిపినచో తరంగము ముందునకే పోవును. 1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము వెలసిన పిమ్మట తెలుగు ఊళ్ల మిద్దెలపై చేపముల్లువలె నిలిచిన అల్యూమినియము సాధనములు ఈ జాతివే. తిరుపతికి సమీపమున గాదంకిలో వాతావరణ పరిశోధనకై స్థాపించిన రాడారులో మూడేసి కడ్డీల యాగీ యాంటెన్నాలు 1,024 ఉన్నవి. అవి 53 మెగాహెర్ట్జ్‌లో పలుకును. తరంగదైర్ఘ్యము అయిదున్నర మీటర్లకు పైబడియుండుటచే కడ్డీలు మనిషి నిలువునకు మించియున్నవి. అన్నియు కలిసి ఆకాశమున సన్నని కిరణము నొక దానిని నిలుపును. ఒక్క శ్రుతితో పని జరుగుచోట ఇంతకు మించిన ఏర్పాటు వలదు. హైదరాబాదులో 1961లో నెలకొన్న రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల వారి సమస్య దీనికి విరుద్ధము. శత్రు రాడారు ఏ పౌనఃపున్యమున పలుకునో ముందుగా తెలియదు. పలికిన వెంటనే దిక్కు తెలియవలయును. అచ్చట వెడల్పును దిశయు రెండును కావలయును. మార్కెటు స్తంభమునకు కావలసినదియు అదియే. ధర మాత్రము సామాన్యులు భరింపదగినదై యుండవలయును.

ఆ చౌకదనము అచ్చువేయుటచే వచ్చినది. గాజునారను రెజిన్‌తో కలిపి గట్టిపరచిన పలక కొకదానికి రెండుప్రక్కల పలుచని రాగిరేకు అంటించియుండును. సాధారణముగా పలక మందము 1.6 మిల్లీమీటర్లు, రాగి మందము మిల్లీమీటరులో ఇంచుమించు ముప్పదవ వంతు. దీనికే ఎఫ్.ఆర్.-4 పలకయని వ్యవహారము. రాగిపై వెలుతురుకు గట్టిపడు పూతపూసి, బొమ్మగల ఫిలిమును పరచి, వెలుగు సోకించి, మెత్తగా మిగిలిన పూతను కడిగి, ఫెర్రిక్ క్లోరైడ్ వంటి ద్రావణములో ముంచినచో పూతలేని రాగి కరిగిపోవును. కోరిన బొమ్మ మిగులును. రేడియోలోని తక్కిన విద్యుద్వలయములు తయారగు పద్ధతియు ఇదియే. ఒక బొమ్మను గీయుటకైన శ్రమయే వేయి బొమ్మలకు చాలును. మొదటిదానికిని వేయవదానికిని కొలతలో భేదము మిక్కిలి స్వల్పము.

అచ్చు యాంటెన్నాలలో అత్యంత సరళమైనది చతురస్రమువంటి ఒక రాగి ముక్క. పలక వెనుక ప్రక్క అంతయు రాగిరేకే యుండును; ముందు ప్రక్క ఈ ముక్క యుండును. దీనినే ప్యాచ్ యాంటెన్నా యందురు. ఈ ఊహను 1953లో డెషాంప్ వెలిబుచ్చెను. ఆచరణలోనికి వచ్చినది 1970 తరువాతి సంవత్సరములలో. 2,400 మెగాహెర్ట్జ్‌లో పలుకు వైఫైకి ఎఫ్.ఆర్.-4 పలకపై ఈ ముక్క పొడవు సుమారు 29 మిల్లీమీటర్లు. గాలిలో అర తరంగము 62 మిల్లీమీటర్లకు పైగా నుండగా ఇంత తగ్గుటకు పలకయే కారణము. తరంగము పలకలో నెమ్మదిగా నడచును. నడక తగ్గిన కొలది తరంగము కుదించుకొనును. వెనుకనున్న రేకు అద్దమువలె పనిచేయుటచే దిశయు దానంతట అదే సిద్ధించును. ముందునకు నాలుగయిదు రెట్ల గెయిన్ లభించును.

లోపమెచ్చట? ముక్కకును రేకునకును నడుమ సందు మిక్కిలి ఇరుకు. శక్తి ఆ సందులో చిక్కుకొని ఇటునటు కొట్టుకొనుచు అంచులనుండి కొంచెము కొంచెముగా బయటపడును. ఇట్లు శక్తిని ఎక్కువకాలము పట్టియుంచునది దీర్ఘముగా మ్రోగు గంటవంటిది. దాని శ్రుతి కచ్చితము, మేర ఇరుకు. మామూలు ప్యాచ్ బ్యాండు వెడల్పు నడిమి పౌనఃపున్యములో నూటికి రెండు మొదలు అయిదు పాళ్లు. పలక మందము హెచ్చించినచో మేర పెరుగును. కాని కొంత శక్తి బయటికి రాక పలక వెంబడి ప్రాకి పోవును. ముక్కపై నింకొక ముక్కను కొంచెము భిన్నమైన శ్రుతితో నిలుపవచ్చును. రెండు శ్రుతులు కలిసి విశాలమగును. ముక్కలో ఇంగ్లీషు యు అక్షరము వంటి చీలిక కోసి, నురుగువంటి తేలిక పదార్థముపై దానిని నిలిపినచో నూటికి ముప్పదిపాళ్ల వరకు మేర లభించునని హూన్, లీ అనువారు 1995లో చూపిరి. ఈ ఉపాయము లన్నియు శ్రుతులను పెంచునవే. 700 మొదలు 3,670 వరకు, అనగా అయిదు రెట్లకు పైగా మేర కావలెనన్నచో శ్రుతులను చేర్చుకొనుచు పోయిన చాలదు. వేరొక మార్గము పట్టవలయును.

ఆ మార్గము నిష్పత్తి. పౌనఃపున్యము మారినపుడు యాంటెన్నా యేల మారవలయును? దాని కొలత తరంగదైర్ఘ్యముతో పోల్చినపుడు భిన్నమగుటచేత. పెద్ద కొలతను అదే పాళ్లలో తగ్గించుచు చిన్న కొలత వరకు ఒకే బొమ్మలో నిలిపినచో, ఏ తరంగము వచ్చినను తనకు తగిన భాగమును తాను వెదకికొనును. 1957 ప్రాంతమున అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున రంసీ, డ్యూహామెల్, ఇస్బెల్ మున్నగువారు ఈ తత్త్వమును స్థిరపరచిరి. కొబ్బరిమట్టకు ఇరుప్రక్కల ఆకులవలె, ఒక నడిమి పట్టెకు ఇరుప్రక్కల రాగి పుల్లలు వరుసగా చిన్నవగుచు పోవును. చిన్నకొన వద్ద విద్యుత్తు నిత్తురు. తరంగము పట్టె వెంట నడచుచు, తనకు పొట్టివగు పుల్లలను దాటి, అర తరంగమునకు సరిపడు పుల్లల వద్దకు చేరగానే బయటికి దుముకును. దుమికి చిన్నకొన వైపునకే పోవును. దీనికి లాగ్-పీరియాడిక్ యాంటెన్నా యని పేరు. ప్రక్కప్రక్క పుల్లలకు విద్యుత్తు తలక్రిందులుగా అందవలయుననునది ఇందలి నియమము. అచ్చు పలకపై నది సులభము: ఒక పుల్ల ఎడమభాగమును పలక పైప్రక్క, కుడిభాగమును క్రిందిప్రక్క అచ్చువేసి, తరువాతి పుల్లకు దీనిని తారుమారు చేసిన చాలును.

రెండవ విధము బూరవంటిది. నాదస్వరపు అనసు ఏల విచ్చుకొని యుండును? గొట్టము చటుక్కున ముగిసినచో లోపలి గాలి తరంగము బయటి విశాలమైన గాలిని చూచి కొంత వెనుకకు మరలును; నోరు క్రమక్రమముగా విచ్చుకొన్నచో మరలక సాగిపోవును. ఇందు ఒక్క శ్రుతికై తంటాలు లేవు. మన జగదీశ చంద్రబోసు 1897 జనవరిలో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మిల్లీమీటర్ల తరంగములను చూపినపుడు ఇట్టి లోహపు బూరను వాడెను. ఆ బూరను పలకపై పరచిన దనుకొనుడు: రాగిరేకులో ఒక సన్నని చీలిక మొదలై, రెండు వంపుగీతల నడుమ మెల్లమెల్లగా విచ్చుకొని పలక అంచున ముగియును. గిబ్సన్ అను నతడు 1979లో దీనిని ప్రకటించి వివాల్డి యాంటెన్నా యని పేరు పెట్టెను. ఎగువ పౌనఃపున్యపు తరంగము చీలిక ఇరుకుగానున్న చోటనే బయటపడును. దిగువది నోటివరకు నడచి బయటపడును. నోటి వెడల్పు కనీసము అర తరంగముండవలయును. అంతకు దిగువ శ్రుతిని అది పలుకదు.

ఒక మార్కెటు యార్డునకై ఇట్టి యాంటెన్నాను గీయవలసివచ్చిన దనుకొందము. మొదటి లెక్క దిగువ అంచుది. 700 మెగాహెర్ట్జ్‌లో అర తరంగము 21.4 సెంటీమీటర్లు. కావున వివాల్డియైనను, లాగ్-పీరియాడిక్కైనను పలక వెడల్పు ఇంచుమించు ఒక జానెడు ఉండక తప్పదు. రెండవ లెక్క ఎగువ అంచుది. 3,670 వద్ద అర తరంగము 4.1 సెంటీమీటర్లు. లాగ్-పీరియాడిక్‌లో ప్రతి పుల్ల ముందుదానిలో నూటికి 88 పాళ్లు ఉండునట్లు తీసికొన్నచో 21.4, 18.8, 16.6, 14.6 అని తగ్గుచు పదునాలుగవ పుల్ల 4.1 సెంటీమీటర్లకు చేరును. ఎగువ అంచున తరంగము తడబడకుండ ఇంకను పొట్టివి ఒకటి రెండు చేర్పవలయును. పలక ప్రభావముచే ఈ కొలతలు కొంత తగ్గును. తగ్గింపు నిష్పత్తిని 88నుండి 94కు పెంచినచో ప్రతి తరంగమునకు ఎక్కువ పుల్లలు పనిచేయుటచే గెయిన్ హెచ్చును. కాని పుల్లల సంఖ్య ఇంచుమించు రెట్టించును, పలకయు పొడవగును.

ఇచ్చట రూపకర్తకు ప్రకృతి పెట్టిన హద్దులు ఎదురగును. చిన్నదనము, వెడల్పు, దిశ అను మూడును ఒకేమారు కోరినంతగా లభింపవు. యాంటెన్నా తరంగముకంటె మిక్కిలి చిన్నదైనచో దాని బ్యాండు వెడల్పు నిర్ణీతమైన హద్దును దాటజాలదని చూ అను శాస్త్రజ్ఞుడు 1948లో గణితముచే నిరూపించెను. ఎంత చాకచక్యముతో గీసినను ఆ హద్దు జరుగదు. దిశ సంగతియు నంతే. కిరణము సన్నగా నుండవలెనన్నచో యాంటెన్నా ముఖము తరంగదైర్ఘ్యమునకు అనేక రెట్లుండవలయును. వివాల్డి నోరు మారదు గనుక పౌనఃపున్యము హెచ్చినకొలది అదే నోరు తరంగమునకు పెద్దదై కిరణము సన్నగిల్లును. 3,500లో యార్డు మధ్యభాగమునకు బాగుగా అందినను మూలలు చీకటి కావచ్చును. లాగ్-పీరియాడిక్‌లో ఏ తరంగమునకైనను పనిచేయు పుల్లల సంఖ్య యొక్కటే గనుక కిరణము ఇంచుమించు ఒకే వెడల్పుతో నుండును. అయితే ఒకవేళ పలకలో కొంతభాగమే పనిచేయుటచే గెయిన్ మితముగా నుండును. యార్డు నంతటిని సమముగా తడుపవలసిన చోట రెండవది మేలు. గుట్టకు ఆవలి ఊరికి సూటిగా పలుకవలసిన చోట వివాల్డులను వరుసలుగా పేర్చుట మేలు. ఏది గొప్పదని కాక, ఎచ్చట ఎవనికి చేరవలయునని అడిగినపుడే ఎంపిక కుదురును.

బొమ్మ కుదిరిన పిదప దానికి విద్యుత్తు నందించు చోటు మిగులును. అనుభవజ్ఞులు ఎక్కువ కాలము వెచ్చించునది ఇచ్చటనే. రేడియోనుండి వచ్చు కేబులు 50 ఓములదై యుండును. యాంటెన్నా ప్రవేశద్వారమును ఆ కొలతతో పొంతన కలిగియుండవలయును. ఒక్క చోట కాదు, మేర పొడుగునను. పొంతన లేనిచోట శక్తి వెనుకకు మరలును. ఇచ్చిన శక్తిలో పదింట ఒక పాలునకు మించి మరలకుండుట సామాన్యముగా అంగీకరించిన హద్దు. కేబులులో ఒకటి లోపలి తీగ, రెండవది చుట్టు వల; యాంటెన్నాలోని రెండు భాగములును సమానములు. సమానము కానిదానిని సమానమైన దానితో కలుపు మధ్యవర్తి యొకటి కావలయును. వివాల్డిలో పలక వెనుకనుండి ఒక సన్నని రాగిపట్టీ చీలికను అడ్డముగా దాటి విసనకఱ్ఱవలె విచ్చుకొని ముగియును; ఆ దాటు చోట శక్తి చీలికలోనికి ప్రవేశించును. ఈ మధ్యవర్తి ఇరుకుదైనచో ఎంత విశాలమైన బూర యున్నను ఫలము లేదు.

పూర్వము ఈ కొలతలను రేకులు కత్తిరించి, సరిచూచి, మరల కత్తిరించి సాధించెడివారు. యీ అను గణితజ్ఞుడు 1966లో చూపిన పద్ధతి మొదలైన వానిచే నేడు స్థలమును చిన్నచిన్న గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో తరంగము క్షణక్షణమునకు ఎట్లు మారునో కంప్యూటరు లెక్కకట్టును. రాగిని తాకకముందే వంపును నూరుమార్లు మార్చి చూడవచ్చును. అయినను లెక్క లెక్కయే. ఎఫ్.ఆర్.-4 పలక గుణము ఒక తయారీకిని మరియొక తయారీకిని కొంత భేదించును. ఎగువ పౌనఃపున్యములలో అది శక్తిని వేడిగా మార్చి మ్రింగును గూడ. అచ్చట టెఫ్లాన్ జాతి పలకలు మేలు, కాని వెల హెచ్చు. అందుచే తయారైన పలకను తరంగములను పీల్చు నురుగుకోణములు గోడలనిండ పరచిన గదిలో నిలిపి, కొంచెము కొంచెముగా త్రిప్పుచు, ఏ దిక్కున ఎంత శక్తి పోవుచున్నదో కొలుతురు.

గదిలో నెగ్గిన యాంటెన్నా స్తంభముపై ఓడిపోవుటకు కారణములు సామాన్యములు. ఎండవానలనుండి కాపాడు ప్లాస్టిక్ తొడుగును లెక్కలో చేర్చకున్నచో శ్రుతి జరుగును. నీరు చొచ్చిన కేబులు కొన శక్తిని మ్రింగును. సన్నని కేబులును పొడుగుగా లాగినచో యాంటెన్నా సంపాదించిన గెయిన్ దారిలోనే ఖర్చగును. కావున రేడియో పెట్టెను యాంటెన్నాకు చేరువనే కట్టవలయును. లోహపు రేకుకు ఆనించి కట్టినచో ఆ రేకును యాంటెన్నాలో భాగమై దిశను మార్చును. అన్నింటికంటె ముఖ్యముగా, దిశాత్మక యాంటెన్నాకు ముఖము ఎటు త్రిప్పవలయునో నిర్ణయించువాడు యార్డును ఒకమారు కాలినడకను చుట్టవలయును. రాశులు ఎచ్చట పోయుదురు, ఖరీదుదారులు ఎచ్చట నిలిచి ఫోను తీయుదురు, పసుపు బస్తాల లారీలు ఎచ్చట అడ్డము నిలుచును అను సంగతులు ఏ కంప్యూటరును చెప్పదు. సంత ఖాళీగానున్న దినమున కొలిచి పోయినవాడు మార్చి నెలలో యార్డు నిండిన దినమున మరల వచ్చి కొలువవలయును.

యాంటెన్నా పసుపునకు ధర పెంచదు. ధరను నిర్ణయించునవి పంట, నాణ్యము, నిజామాబాదులోను సాంగ్లీ, ఈరోడు మార్కెట్లలోను గల గిరాకి. కాని పోటీ యనునది అందరి మాటయు వినబడినపుడే పోటీ యగును. 2025వ సంవత్సరము జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. ఈ పంటకు దేశమున గల ప్రాముఖ్యమునకు అది గుర్తు. ఇంతటి పంట ధర ఒక సన్నని రాగి చీలికగుండ ప్రయాణించుచున్నదని ఎరిగినచో, ఆ చీలికను ఎట్లు గీయవలయును, ఎటువైపు త్రిప్పవలయును అను ప్రశ్నలు ఇంజనీర్లవి మాత్రమే కావు. యార్డులో ఒక మూల సంకేతము అందుట లేదని రైతు చెప్పినపుడు అది యెందువలననో అడుగుటకు అతనికి హక్కు కలదు. ఏ పౌనఃపున్యమున, ఏ దిక్కున, ఏ వేళ అందలేదో కొలిచి చూపి, పలకను తిరిగి గీయుటయో స్తంభమును జరుపుటయో నిర్వాహకుల బాధ్యత. మన పాలిటెక్నిక్కులలోను ఇంజనీరింగు కళాశాలలలోను చదువుచున్న యువకులకు ఇది చేతికందు పని. ఒక రాగి పలక, ఒక కొలతపెట్టె, కొంత ఓర్పు ఉన్నచో చాలును.